తిన్నె మీద తిన్నె

మా నెల్లూరు సీమలో ‘తిన్నె’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఇంటి ముందు కూర్చోవడానికి కట్టుకునే అరుగూ తిన్నెయే, సముద్రపు గాలి పోగుచేసిన ఇసుక దిబ్బా తిన్నెయే. ఒకటి మనిషి కట్టేది, కదలకూడనిది. రెండవది గాలి కట్టేది, కదలకుండా ఉండలేనిది. ఈ రెంటికీ ఒకే మాట ఎందుకు వచ్చిందని చిన్నతనంలో ఎప్పుడూ ఆలోచించలేదు. నలభై తొమ్మిదో ఏట, రెండవ తిన్నె మీద మొదటి తిన్నెను కట్టబోయి, అది కూలిపోగా చూసి, మళ్ళీ కట్టుకున్న తరువాత ఆలోచించవలసి వచ్చింది. ఆ కథ వ్రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇల్లు కట్టినవాడి కథ ఖర్చు దగ్గర మొదలై ఖర్చు దగ్గరే ముగుస్తుందంటారు. ఇందులోనూ ఖర్చు ఉంది గానీ, అసలు సంగతి అది కాదు.

మా ఊరు మైపాడుకు ఉత్తరాన, బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ నడుమ ఉన్న ఇసుక నేల మీద ఉంది. పడమట కాలువ, తూర్పున సరుగుడు తోటలు, వాటి వెనుక సముద్రం. మా ఇల్లు ఒక పాత దిబ్బ నెత్తి మీద ఉంటుంది. వెనుక తలుపు తీస్తే దొడ్డి తూర్పుకు వాలుగా దిగిపోతుంది. గడప నుండి కింది చివరకు నలభై అడుగుల దూరం, ఆ దూరంలో అయిదు అడుగుల వాలు. కింది చివర మా దొరువు ఉంది. ఇసుక నేలలు ఎరుగనివారి కోసం చెబుతున్నాను: దొరువంటే లోతైన బావి కాదు, ఇసుకలో తవ్వుకున్న నిస్సారమైన నీటి గుంట. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా అందులో నీళ్ళు తీయగానే ఉంటాయి. దిబ్బ మీద పడిన వాన ఇసుకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక గనుక, తొందరపడి ఎక్కువ తోడకపోతే, రెండూ కలవవు. ఈ శాస్త్రం మా నాయనకు తెలియదు. “దొరువును పిండకూడదురా, అడిగి తీసుకోవాల” అనేవాడు. అంతకు మించిన శాస్త్రం నాకు ఇప్పటికీ తెలియదు.

దొరువు పక్కన వేపచెట్టు. వేపచెట్టు కింద మధ్యాహ్నం మూడు గంటలకు సముద్రపు గాలి మొదలయ్యేసరికి చుట్టుపక్కల నాలుగిళ్ళ ఆడవాళ్ళు చేరేవారు. బియ్యంలో రాళ్ళు ఏరడం, చింతపండు గింజలు తీయడం, మల్లెమొగ్గలు మాల కట్టడం, ఊరి సంగతులన్నీ ఒకసారి విప్పి మళ్ళీ మడతపెట్టడం... ఆ సభకు మా అమ్మ శాశ్వత అధ్యక్షురాలు. ఆమె దిగిరావడం కోసం నాయన వాలులో తాటి దుంగలను అడ్డంగా పాతి మెట్లు చేశాడు. దుంగ వెనుక ఇసుక ఆగేది, ఆగిన ఇసుక మీద అడుగు ఆగేది. రెండు మూడేళ్ళకొకసారి పుచ్చిన దుంగను తీసి కొత్తది వేసేవాడు. అది ఆయన పని అని మాకందరికీ తెలుసు. కనుక అది ఒక పని అని మాలో ఎవరికీ తోచలేదు.

నాయన 2016లో పోయాడు. దుంగలు ఆ తరువాత నాలుగేళ్ళు ఓపికపట్టాయి. 2020 వేసవిలో, ఊళ్ళూ దారులూ మూతబడి ఉన్న రోజుల్లో, అమ్మ మూడో మెట్టు మీద జారి పడింది. ఎముక విరగలేదు, మోకాలు మాత్రం వాచి, ఆ వాపు తగ్గినా నొప్పి తగ్గలేదు. నేను అప్పుడు హైదరాబాదులో ఉన్నాను. తమ్ముడు అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరం పక్కనున్న ఒక ఊళ్ళో ఉన్నాడు. ఇద్దరు కొడుకుల్లో ఒక్కడూ నెలల తరబడి రాలేకపోయాడు. ఆ సంవత్సరం చివర నేను ఇంటినుండి పనిచేసే వీలు చూసుకొని ఊరికి వచ్చేసరికి, అమ్మ దొడ్డి తలుపు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చొని ఉంది. నలభై అడుగుల అవతల వేపచెట్టు కింద ముగ్గురు ఆడవాళ్ళు కూర్చొని ఉన్నారు. వాళ్ళు ఏదో అంటే అమ్మకు వినబడడం లేదు. అమ్మ ఏదో అంటే గాలి వెనక్కు తోస్తోంది. ఇద్దరూ చేతులూపుకొని ఊరుకుంటున్నారు. ఆ చేతులూపడం చూసిన రోజునే నేను తిన్నె కట్టాలని నిశ్చయించుకున్నాను.

సరిగ్గా అదే కాలంలో తమ్ముడు తన పెరట్లో ‘డెక్’ కట్టుకుంటున్నాడు. డెక్ అంటే చెక్క పలకల అరుగు. నేలను చదును చేయకుండా, కాళ్ళ మీద నిలబెట్టేది. వాడి పెరడు కూడా వాలే. గుట్ట వారన ఇల్లు కావడంచేత వెనుక భాగం ఒక్కసారిగా దిగిపోతుంది. అందుకని మూడు అంతస్తులుగా, మెట్టు మెట్టుగా కడుతున్నాడు. ప్రతి ఆదివారం దృశ్యం పంపేవాడు. ఎడారిలో ఇసుక ఉంటుందనుకునే మాబోటివాళ్ళకు ఆశ్చర్యమేమిటంటే, అక్కడ గుంట తవ్వడమే పెద్ద గండం. పైనున్న మన్ను కింద సున్నపు పొర గడ్డకట్టి రాయిలా ఉంటుందట. దానిని ‘కలీచీ’ అంటారట. పార పనికిరాదు. బద్దలుకొట్టే యంత్రాన్ని అద్దెకు తెచ్చుకొని ఒక్కొక్క స్తంభానికీ గుంట తవ్వాడు. మా దగ్గర గుంట తవ్వడం సులభం, దాన్ని గుంటగా నిలపడమే కష్టం. ఎండిన ఇసుక ముప్పై నాలుగు డిగ్రీలకు అటూ ఇటూగా వాలి జారిపోతుంది. అంతకంటే నిటారుగా నిలవమంటే నిలవదు. తడిగా ఉన్నంతసేపూ నిలబడినట్టు నటిస్తుంది, ఆరగానే అసలు బుద్ధి చూపిస్తుంది.

వాడు అక్కడి నియమాలు చెబుతుంటే వింత అనిపించేది. నేల నుండి ముప్పై అంగుళాలు మించి ఎత్తున్న అరుగుకు కంచె తప్పనిసరి. ఆ కంచె ముప్పై ఆరు అంగుళాలకు తగ్గకూడదు. కంచె సందులో నాలుగంగుళాల బంతి దూరకూడదు. పసిపిల్లల తల ఇరుక్కోకుండా ఆ లెక్క. ఇంటి గోడకు ఆనించే దూలాన్ని మేకులతో కొట్టి వదలకూడదు, బోల్టులు బిగించాలి. డెక్కులు కూలడానికి ఎక్కువసార్లు కారణం ఆ అతుకేనట. “అన్నా, ఇక్కడ అరుగు మీద కూర్చోవడానికి కూడా అనుమతి పత్రం కావాల” అని నవ్వేవాడు. నేనూ నవ్వాను. ఎవరో ఎక్కడో పడిన తరువాతే కదా ఒక్కొక్క నియమం పుట్టేది అన్న సంగతి అప్పుడు నాకు స్ఫురించలేదు.

అమ్మ ఆ దృశ్యాలన్నీ చూసి ఒకటే మాట అంది: “వాడు బలే కట్టుకున్నాడు. కూర్చునేదానికి మనుషులున్నారా అక్కడ?”

2021 వేసవి మొదట్లో నేను పని మొదలుపెట్టాను. మొదట వచ్చినవాడు పొక్లెయిను నడిపే అబ్బాయి. దొడ్డి చూసి, “ఒక్క పూటలో దిబ్బంతా లాగేసి చదును చేసి ఇస్తా సార్” అన్నాడు. నాకు ఆశ పుట్టింది. అమ్మ కుర్చీలోనుంచే కేకేసింది: “దిబ్బ మీద చెయ్యి పడితే నేను ఈ ఇంట్లో ఉండను.” 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గరా, 1989 నవంబరులో కావలి దగ్గరా తీరం దాటిన తుపానులను ఆమె ఈ దిబ్బ మీదే గడిపింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన ఉదయం చుట్టుపక్కల వాళ్ళంతా ఎక్కి నిలబడింది కూడా ఈ దిబ్బ మీదే. 1991లో వచ్చిన తీర నియంత్రణ నిబంధనలు ఇసుక దిబ్బలను చదును చేయరాదన్నాయని నేను తరువాత చదివాను. అమ్మకు ఆ నిబంధనతో పనిలేకపోయింది.

సరే, దిబ్బను తవ్వను, దాని మీద కడతాను అనుకున్నాను. మా ఊరి పెద్ద మేస్త్రి వచ్చాడు. నాయన ఈడువాడు. వాలంతా తిరిగి చూసి, “మూడు మెట్లు చెయ్యి అబ్బయా, ఇసకని ఒక్కతూరిగా ఎత్తబాకు” అన్నాడు. నాకు అది పాతకాలపు పొదుపు మాటగా వినిపించింది. నా మనసులో ఒక చిత్రం ఉంది. గడపతో సమానంగా, విశాలంగా, ఒకే మట్టాన ఒక పెద్ద వేదిక. అంచున స్టీలు కంచె. దాని మీద అమ్మ, ఎదురుగా సరుగుడు తోట మీదుగా సముద్రం. ఆయనను కాదని పట్నం నుంచి వేరే పనివాళ్ళను పిలిపించాను. ముప్పై అడుగుల పొడవున, అయిదు అడుగుల ఎత్తున కింది వైపు గోడ లేపించి, వెనుక ఇసుక నింపించి, పైన కాంక్రీటు పోయించి, నల్లని గ్రానైటు పలకలు పరిపించాను. వాలు సగం వరకు వేదిక, అక్కడినుండి దొరువుకు నిటారుగా మెట్లు. తమ్ముడికి దృశ్యం పంపాను. “బాగుంది అన్నా” అని, కాసేపాగి, “నీళ్ళు ఎటు పోతాయి?” అని అడిగాడు. “ఇసుక కదరా, ఇంకిపోతాయి” అన్నాను. పైన గ్రానైటు పరిచి, అంచున గోడ కట్టి, నీళ్ళు ఇసుకలో ఇంకిపోతాయని చెప్పినవాడిని నేను!

మొదటి శిక్ష మే నెలలోనే పడింది. ఉదయం తొమ్మిది దాటితే ఆ నల్లరాతి మీద కాలు పెట్టలేకపోయాం. పొద్దువాలిన తరువాత కూడా రాయి లోపలి వేడిని రాత్రి తొమ్మిది దాకా కక్కుతూనే ఉండేది. అమ్మ ఒకసారి చెప్పులేసుకొని వచ్చి, కడ్డీ పట్టుకొని చివరిదాకా నడిచి, కింద వేపచెట్టు వైపు చూసింది. ఇప్పుడు ఆ చెట్టు దూరంగా మాత్రమే కాదు, లోతుగా కూడా ఉంది. ఆ నిటారు మెట్లు ఆమె దిగలేదు, కింది వాళ్ళు ఎక్కలేరు. “బాగుందిలే” అని లోపలికి వెళ్ళి, మళ్ళీ తలుపు దగ్గర కుర్చీలోనే కూర్చుంది. లక్షల రూపాయలు పోసి నేను సాధించినదేమిటంటే, వాళ్ళిద్దరి నడుమ ఉన్న వాలును గోడగా మార్చడం.

స్టీలు కడ్డీ మీద మూడో నెలకే గోధుమరంగు చుక్కలు కనిపించాయి. ఉప్పుగాలికి ఇనుము ఎంతో స్టీలూ ఇంచుమించు అంతే, రకం మంచిది కాకపోతే.

ఇక రెండవ శిక్ష. నెల్లూరు వానలు తక్కిన ఆంధ్రదేశపు వానల వంటివి కావు. మాకు నైరుతి చుట్టపుచూపుగా వచ్చిపోతుంది, ఈశాన్యం మాత్రం కాపురానికి వస్తుంది. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుండి డిసెంబరు లోపలే పడిపోతుంది. 2021 నవంబరు మూడోవారంలో పడ్డ వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పెన్న ఉప్పొంగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి, మద్రాసు దారిన బండ్లు ఆగిపోయాయి. ఆ రాత్రుల్లో ఒకనాడు, తెల్లవారుజామున, ఎవరో పెద్ద తలుపును నిదానంగా మూసినట్టు ఒక శబ్దం వినబడింది. పెద్ద చప్పుడు కాదు. దీపం పట్టుకొని వెళ్ళి చూస్తే గోడ నడిమి భాగం పొట్ట ఉబ్బి, విచ్చుకొని, ముందుకు పడి ఉంది. వెనుకనున్న ఇసుక గంజిలా జారి, గ్రానైటు పలకలను కూడా లాక్కొని, దొరువులోకి దిగింది. అమ్మ మల్లెపొద దాని కిందే ఉంది.

మనుషులకు ఏమీ కాలేదు. అమ్మ తెల్లవారాక వచ్చి చూసి ఒక్క మాటా అనలేదు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. దొరువు వైపు చూసి, “మీ నాయన తవ్వింది” అని మాత్రం అంది.

నీళ్ళు తీశాక పెద్ద మేస్త్రి దగ్గరకు వెళ్ళాను. పిలవకుండానే ఆయన వస్తాడనుకున్నాను గానీ ఆయన రాలేదు, రాకపోవడమే న్యాయం. తలవంచుకొని వెళ్ళిన నన్ను ఆయన పల్లెత్తు మాట అనకుండా తిన్నె మీద కూర్చోబెట్టి, టీ ఇప్పించి, అన్నాడు: “నీళ్ళకి దోవ ఇయ్యకుండా గోడ గడితే, నీళ్ళే దోవ చేసుకుంటాయబ్బయా.”

ఆ రాత్రి తమ్ముడితో మాట్లాడాను. వాడు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఆ లెక్క ఇక్కడ వ్రాస్తున్నాను. వాలు నేల మీద ఏదైనా కట్టదలచిన వాళ్ళకు ఇది పనికివస్తుంది. గోడ వెనుక నీరు నిలిస్తే ఆ నీరు గోడను నెడుతుంది. ఎంత లోతు నీరుంటే అడుగున అంత నెట్టుడు. మొత్తం నెట్టుడు ఎత్తుకు కాదు, ఎత్తు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. అయిదు అడుగుల ఎత్తు నిండా నీరు నిలిచిన నా గోడను, మీటరు పొడవుకు సుమారు 1,160 కిలోల బరువు నెట్టింది. ముప్పై అడుగుల పొడవుకు లెక్కిస్తే పది టన్నుల పైమాట. ఇది ఒక్క నీటి బలమే, తడిసిన ఇసుక బలం దీనికి అదనం. అదే అయిదు అడుగుల ఎత్తును ఇరవయ్యేసి అంగుళాల మూడు గోడలుగా విడదీస్తే, ఒక్కొక్క గోడ మీద పడేది తొమ్మిదో వంతు మాత్రమే. మూడూ కలిపినా మొదటిదానిలో మూడో వంతు. ఆ నీరు నిలవకుండా బయటకు పోయే దారి ఇస్తే ఆ మూడో వంతూ ఉండదు. మేస్త్రి “మూడు మెట్లు” అన్నప్పుడు నేను పొదుపు అనుకున్నది ఇది. ఆయనకు వర్గమంటే ఏమిటో తెలియకపోవచ్చు, దాని ఫలితం మాత్రం చేతులకు తెలుసు.

“నీ ఎడారిలో ఈ గొడవ లేదు కదరా” అన్నాను. వాడు నవ్వి చెప్పాడు: వాళ్ళకు ఏడాదంతా కలిపి ఏడెనిమిది అంగుళాల వానే గానీ, అది వేసవి ఉరుముల్లో గంటలో అంగుళం చొప్పున కురిసి, గట్టినేల మీద ఇంకక వరదై పారుతుందట. వాడి మొదటి స్తంభాల చుట్టూ కూడా మన్ను కోసుకుపోయిందట. మాకు నలభై అంగుళాల పైచిలుకు వాన, పీల్చుకునే ఇసుక. వాళ్ళకు చుక్క వాన, పీల్చని రాయి. రెండు చోట్లా చివరకు ప్రశ్న ఒకటే: వచ్చిన నీరు ఎటు పోతుంది?

రెండవ ప్రశ్న కూడా ఒకటేనని అప్పుడే తెలిసింది: నీడ ఎక్కడినుంచి వస్తుంది? వాడి డెక్ కట్టడమైతే అయింది గానీ, మొదటి వేసవిలో దాని మీద ఎవరూ కూర్చోలేదట. చెక్కలో ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలు మామూలు చెక్క కంటే ఎక్కువగా కాగిపోయాయి. పిల్లలు వట్టికాళ్ళతో వెళ్ళి అరుస్తూ తిరిగివచ్చారు. చివరకు వాడికి దారి చూపింది అక్కడి పాత నివాసులు. ఆ ఎడారిలోని ఓధమ్ జాతివాళ్ళు తరతరాలుగా మెస్కీటు కర్రలు నాలుగు పాతి, పైన పెద్ద సాగ్వారో నాగజెముడు ఎండిన ఈనెలు పరిచి, నాలుగు వైపులా తెరిచి ఉన్న నీడను కట్టుకుంటారు. దానిని స్పానిషు మాటతో ‘రమాడా’ అంటారు. రామ అంటే ఆ భాషలో కొమ్మ. కొమ్మలతో వేసింది రమాడా. “అన్నా, అది మన పందిరే” అన్నాడు వాడు. ఆ మెస్కీటు చెట్టు కూడా పరాయిది కాదు, మన దొడ్ల వెంబడీ కాలువగట్ల వెంబడీ పెరిగిపోయిన సర్కారు తుమ్మకు దాయాది. సర్కారు తుమ్మ 19వ శతాబ్దంలో అమెరికా ఖండంనుంచే మన దేశానికి వచ్చింది. చెట్టు అటునుంచి ఇటు వచ్చింది, తమ్ముడు ఇటునుంచి అటు వెళ్ళాడు. ఇద్దరూ వెళ్ళినచోట నీటికి తిప్పలు పడుతూ వేళ్ళు దింపుకున్నారు.

2022 సంక్రాంతి వెళ్ళాక పెద్ద మేస్త్రి చేత పని మొదలుపెట్టించాను. ఈసారి ఆయన చెప్పేవాడు, నేను వినేవాణ్ణి.

ముందుగా గుంజలు పాతి, దారం కట్టి, వాలును మూడుగా పంచాడు. గోడకూ గోడకూ నడుమ పదేసి అడుగులు విడిచాడు. పై గోడ బరువు కింది గోడ మీద పడకుండా ఉండాలంటే కింది గోడ ఎత్తుకు కనీసం రెండింతల దూరం ఉండాలని తమ్ముడు పుస్తకంలో చూసి చెప్పాడు. మేస్త్రి ఆ మాట వినకముందే అంతకు మూడింతలు విడిచి ఉన్నాడు. పునాది రెండడుగుల లోతున, తడి ఇసుక తగిలేదాకా దించాడు. ప్రతి నాలుగడుగులకూ గోడ అడుగున ఒక గొట్టం పెట్టి, దాని వెనుక కంకర పోసి, కంకరకూ ఇసుకకూ నడుమ కొబ్బరిపీచు చాప, దాని మీద వల గుడ్డ అడ్డం వేశాడు. నీరు రావాలి, ఇసుక రాకూడదు. సముద్రపు ఇసుక ఒక్క తట్ట కూడా సున్నంలోకీ సిమెంటులోకీ కలపనివ్వలేదు. అందులోని ఉప్పు ఇనుమును తినేస్తుంది, గోడకు చెమ్మ పట్టిస్తుంది. ఇసుక దిబ్బ మీద కూర్చొని పెన్న ఇసుక కొనడం మొదట నాకు అవివేకంగా తోచింది. ఇప్పుడు అదొక్కటే నేను చేసిన వివేకమైన ఖర్చు.

పైన గ్రానైటు లేదు, కాంక్రీటు లేదు. బాగా కాలిన ఇటుకలను నిలువుగా పేర్చి, సందుల్లో ఇసుక నింపి వదిలేశాడు. వాన పడితే సందుల్లోంచి లోపలికి దిగిపోతుంది. అలా దిగిన నీరే కదా దొరువుకు చేరేది! నా మొదటి వేదిక ఆ నోటికి మూత వేసింది. చెక్క పలకల మధ్య సందు విడిచే అమెరికా వడ్రంగీ, ఇటుకల మధ్య సిమెంటు పెట్టని మా మేస్త్రీ చేసింది ఒకటే పని. ఇక మెట్లు. అయిదేసి అంగుళాల ఎత్తు, పద్నాలుగేసి అంగుళాల వెడల్పు. అమ్మను నిలబెట్టి, ఒక ఇటుక మీదా రెండు ఇటుకల మీదా కాలు పెట్టించి, ఎక్కడ ఆమె ముఖం చిట్లిందో చూసి ఆయన కొలత తీసుకున్నాడు. చేతికి ఆసరాగా స్టీలు కాదు, నునుపు చేసిన సరుగుడు కర్ర. నాలుగైదేళ్ళకొకసారి మార్చుకోవాలి. మార్చుకుంటాను. నాయన దుంగలు మార్చిన ఇల్లు ఇది.

నడిమి తిన్నె మీద పందిరి వేశాం. సరుగుడు గుంజలు, తాటాకు కప్పు, పడమటి వైపు మాత్రం ఒక తడిక. మధ్యాహ్నపు ఎండ అటునుంచే వస్తుంది, తూర్పునుంచి వచ్చే గాలికి అడ్డు లేదు. కింది తిన్నెకు వేపచెట్టు నీడే చాలు. వాలు పక్కల ఇసుక జారకుండా వట్టివేరు దుబ్బులు నాటి, గిట్టల ఆకులతో ఊదాపూలు పూసే ఇసుకతీగను దాని ఇష్టానికి పాకనిచ్చాం. దొరువు పూడిక తీయడానికి నేను కూడా తట్ట పట్టాను. అడుగున, పాత గోడ ముక్కల కింద, నాయన పాతిన ఒక తాటి దుంగ దొరికింది. సగం పుచ్చి, సగం గట్టిగా ఉంది. మేస్త్రి దానిని పారేయనివ్వలేదు. కింది తిన్నె అంచున కూర్చునే బల్లగా వేశాడు.

2023 వేసవిలో ఫీనిక్సులో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలకు పైగా ఎండ కాసింది. తమ్ముడు ఆ నెలంతా పొద్దు పొడవకముందూ, రాత్రి భోజనాల తరువాతా తన కొమ్మల పందిరి కిందనే కూర్చొని మాతో మాట్లాడేవాడు. అదే సంవత్సరం డిసెంబరులో మిచౌంగ్ తుపాను మా తీరాన్ని రాసుకుంటూ ఉత్తరానికి పోయి, 5వ తేదీన బాపట్ల దగ్గర నేలకెక్కింది. రెండు రాత్రులు కురిసింది. నేను నిద్రపోలేదు. తలుపు మూసినట్టు శబ్దం వస్తుందేమోనని చెవి ఒగ్గి పడుకున్నాను. తెల్లవారి వెళ్ళి చూస్తే పందిరి కప్పు ఎగిరిపోయింది. తాటాకు పోతే తాటాకు వస్తుంది. మూడు గోడల గొట్టాలలోంచీ తేటనీరు సన్నని ధారలుగా కారుతోంది. నా వెనుకనే అమ్మ కర్ర పట్టుకొని వచ్చి, మొదటి తిన్నె మీద నిలబడి, ఆ ధారలను లెక్కపెట్టింది. ఒకటి కారడం లేదని చెప్పింది. పుల్ల పెట్టి పొడిచాను, కారింది.

మరుసటి నెల సంక్రాంతికి తమ్ముడు వచ్చాడు. మూడు తిన్నెలూ దిగి చూసి, నాయన దుంగ మీద చాలాసేపు కూర్చున్నాడు. “నా దానికంటే నీదే బాగుంది అన్నా” అన్నాడు. ఎందుకన్నాడో అడగలేదు. అప్పటికే వేపచెట్టు కింద ఆరుగురు చేరి, వాడి పెళ్ళాం ఏ కూరలు వండుతుందో ఆరా తీస్తున్నారు.

ఒకటి మాత్రం నేను ముందుగా ఊహించలేదు. కింది తిన్నె అమ్మ కోసం కట్టాను. అమ్మ దొరువు దాకా దిగాలన్నదే నా పంతం. మొదటి ఏడాది రోజూ దిగింది. ఇప్పుడు డెబ్బై తొమ్మిదో ఏడు. మోకాలు సహకరించిన రోజున కిందికి దిగుతుంది, సహకరించని రోజున నాలుగు మెట్లు దిగి నడిమి తిన్నె మీద పందిరి కింద ఆగిపోతుంది. అప్పుడు కింది ఆడవాళ్ళు చేటలూ చింతపండూ ఎత్తుకొని ఎనిమిది మెట్లు ఎక్కి ఆమె దగ్గరకు వస్తారు. వాళ్ళలోనూ ఇద్దరికి మోకాళ్ళ నొప్పులే, అయిదంగుళాల మెట్టు గనుక రాగలుగుతున్నారు. ఈ మధ్య నడిమి తిన్నెకు వచ్చే రోజులే ఎక్కువయ్యాయి. అమ్మ మరీ లేవలేని రోజున వాళ్ళు ఇంకో నాలుగు మెట్లు ఎక్కి, గడప పక్క తిన్నె దాకా వస్తారని నాకు తెలుసు.

మీలో ఎవరి ఇంటికైనా తిన్నె ఉంటే, అది ఎవరు కట్టారో, ఎంత ఎత్తున కట్టారో, ఎందుకు అంత ఎత్తే కట్టారో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి తెలుసుకోండి. నేను మా నాయనను దుంగల మధ్య దూరం ఎంత అని ఒక్కసారీ అడగలేదు. పూడికలో దొరికిన దుంగ ఉన్నచోటికీ, దాని పైన ఒకప్పుడు మరో దుంగ ఉన్న గుర్తుకూ నడుమ ఎత్తు కొలిచి చూశాను. అయిదంగుళాలే వచ్చింది.